జీపీఎస్ లేని రోజుల్లో చంద్రుడి దాకా దారి చూపిన ఇంజనీర్.. ఎవరీ స్టార్క్ డ్రేపర్?

ఫోన్‌లో సిగ్నల్ పోతే మ్యాప్ ఆగిపోతుంది. మరి సముద్రం మీద, మబ్బుల పైన, చంద్రుడి వెనక ఉన్నప్పుడు సిగ్నలే లేకపోతే? బయటి నుంచి ఎలాంటి సాయం లేకుండా ఒక విమానం తాను ఎక్కడుందో తానే తెలుసుకోగలదా? తెలుసుకోగలదని నమ్మి, దాదాపు జీవితమంతా ఆ ఒక్క పని మీదే పెట్టిన వ్యక్తి అమెరికా ఇంజనీర్ చార్లెస్ స్టార్క్ డ్రేపర్. ఇనర్షియల్ నావిగేషన్‌కు పితామహుడిగా ఆయనకు పేరు. అపోలో వ్యోమగాములను చంద్రుడి మీదకు చేర్చిన గైడెన్స్ సిస్టమ్ ఆయన ల్యాబ్‌లోనే పుట్టింది. అణు క్షిపణులకు గురి నేర్పిన సిస్టమ్‌లు కూడా అక్కడే పుట్టాయి. ఈ రెండో పనే చివరికి ఆయన కుర్చీ కిందకు నీళ్లు తెచ్చింది. చంద్రుడి మీద మనిషి కాలు పెట్టిన ఏడాదే, తాను కట్టుకున్న ల్యాబ్ డైరెక్టర్ పదవి నుంచి డ్రేపర్ పక్కకు తప్పుకోవాల్సి వచ్చింది. అసలేం జరిగింది?

సైకాలజీ చదివి.. ఇంజనీర్ అయ్యారు

డ్రేపర్ 1901 అక్టోబర్ 2న అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, విండ్సర్ అనే చిన్న ఊర్లో పుట్టారు. మొదట మిస్సోరీ యూనివర్సిటీలో చేరారు. అక్కడి నుంచి కాలిఫోర్నియాలోని స్టాన్‌ఫర్డ్‌కు మారారు. 1922లో డిగ్రీ చేతికొచ్చింది. అదీ ఇంజనీరింగ్‌లో కాదు, సైకాలజీలో!

అదే ఏడాది ఎంఐటీలో చేరారు. హార్వర్డ్‌లో చేరబోతున్న స్నేహితుడితో కలిసి కారులో వెళ్లి, దారిలో ఎంఐటీ భవనాలు చూసి ఆసక్తితో లోపలికి అడుగుపెట్టారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఎలా వెళ్లినా, ఒకసారి వెళ్లాక మళ్లీ ఆ చోటు వదల్లేదు. 1926లో ఎలక్ట్రోకెమికల్ ఇంజనీరింగ్‌లో డిగ్రీ, 1928లో మాస్టర్స్, 1938లో ఫిజిక్స్‌లో డాక్టరేట్. మధ్యలో కనిపించిన కోర్సల్లా చేశారు. ఎంఐటీలో అన్ని కోర్సులు చదివిన విద్యార్థి మరొకరు లేరని ఆ రోజుల్లో సరదాగా చెప్పుకునేవారట. సైకాలజీ, కెమిస్ట్రీ, ఫిజిక్స్, ఇంజన్లు.. ఇవన్నీ కలిసి ఆయనకు ఒక ప్రత్యేకమైన చూపు ఇచ్చాయి. యంత్రం ఏం కొలుస్తోంది, దాన్ని చూసే మనిషికి ఏం అర్థమవుతోంది అనే రెండు ప్రశ్నలనూ ఆయన ఎప్పుడూ విడదీసి చూడలేదు.

ప్రొఫెసర్‌ను విమానం ఎక్కించి..

డ్రేపర్‌కు ఎగరడమంటే పిచ్చి. సైన్యంలో పైలట్ కావాలని ప్రయత్నించారు, కుదరలేదు. దాంతో సొంత డబ్బుతో నేర్చుకున్నారు. కాక్‌పిట్‌లో కూర్చున్నాక ఆయనకు ఒక విషయం అర్థమైంది. అప్పటి విమానాల్లోని పరికరాలు పైలట్‌కు చెప్పాల్సినంత చెప్పడం లేదు.

మబ్బుల్లోకి వెళ్తే మనిషి శరీరం మోసం చేస్తుంది. విమానం ఒక పక్కకు ఒరిగి మెల్లగా తిరుగుతున్నా, లోపల కూర్చున్నవాళ్లకు తిన్నగా వెళ్తున్నట్టే అనిపిస్తుంది. చెవి లోపల బ్యాలెన్స్ చూసే భాగం కొద్దిసేపటికే ఆ మలుపుకు అలవాటు పడిపోతుంది. ఆ భ్రమలోనే చాలామంది పైలట్లు నేలను గుద్దుకున్నారు.

ఈ విషయం నిరూపించడానికి డ్రేపర్ ఎంచుకున్న పద్ధతి కూడా ఆయన స్టైల్‌లోనే ఉంది. తర్వాతి కాలంలో ఎంఐటీ ప్రెసిడెంట్ అయిన జూలియస్ స్ట్రాటన్‌ను ఒకరోజు విమానం ఎక్కించుకుని, గాల్లో కావాలనే గింగిరాలు కొట్టించారని చెబుతారు. పరికరాలు ఎక్కడ తడబడుతున్నాయో కళ్లారా చూపించడమే ఉద్దేశం. స్ట్రాటన్‌కు పాఠం బాగానే ఎక్కింది. ఆయనతో మళ్లీ విమానం ఎక్కే ధైర్యం మాత్రం పోయిందట.

1930లలో ఎంఐటీలోనే డ్రేపర్ ఒక చిన్న పరికరాల ల్యాబ్ మొదలుపెట్టారు. తర్వాత అదే ఇన్‌స్ట్రుమెంటేషన్ ల్యాబరేటరీ అయింది. అక్కడ ప్రధాన పాత్ర ఒకదానిదే. అదే జైరోస్కోప్.

యుద్ధనౌక మీద షూ డబ్బా

జైరోస్కోప్ అంటే కంగారు పడాల్సిన పనిలేదు. మనం ఆడుకున్న బొంగరమే. వేగంగా తిరిగే బొంగరం తన నిలువు దిశను అంత తేలిగ్గా వదలదు. పక్కకు తోస్తే మొండికేస్తుంది. ఎంత బలంగా మొండికేస్తోందో కొలిస్తే, దాన్ని పట్టుకున్న వస్తువు ఎంత వేగంగా తిరుగుతోందో తెలిసిపోతుంది.

రెండో ప్రపంచ యుద్ధంలో ఈ చిన్న సూత్రమే నౌకల ప్రాణం కాపాడింది. దూసుకొస్తున్న శత్రు విమానాన్ని నేరుగా గురిపెట్టి కాలిస్తే తగలదు. బుల్లెట్ వెళ్లేలోపు విమానం ముందుకు జరిగిపోతుంది. కాబట్టి అది ఉండబోయే చోటికి కాల్చాలి. ఎంత ముందుకు అన్నది గన్నర్ కంటితో అంచనా వేయాల్సి వచ్చేది. డ్రేపర్ తయారుచేసిన మార్క్ 14 గన్‌సైట్ ఆ లెక్కను తానే వేసింది. గన్నర్ విమానాన్ని వెంబడిస్తూ తుపాకీని ఎంత వేగంగా తిప్పుతున్నాడో అందులోని జైరోలు పసిగట్టి, ఎంత ముందుకు గురిపెట్టాలో సరిచేసేవి.

షూ డబ్బా సైజులో ఉండటంతో దానికి డాక్టర్ గారి షూ డబ్బా అని ముద్దుపేరు పడింది. స్పెర్రీ కంపెనీ వీటిని వేల సంఖ్యలో తయారుచేసింది. 1942 అక్టోబర్‌లో పసిఫిక్ సముద్రంలో జరిగిన శాంతా క్రూజ్ పోరులో సౌత్ డకోటా అనే యుద్ధనౌక జపాన్ విమానాలను ఎదుర్కోవడంతో ఈ సైట్ పేరు మోగిపోయింది. ఆ తర్వాత కొరియా యుద్ధంలో సేబర్ జెట్ ఫైటర్లకూ డ్రేపర్ ల్యాబ్ డిజైన్ చేసిన సైట్లే వెళ్లాయి.

గన్‌సైట్‌కు అవసరమైన కచ్చితత్వం కొన్ని సెకన్ల పాటు నిలిస్తే చాలు. డ్రేపర్ మనసులో ఉన్నది మాత్రం వేరే. గంటల తరబడి దారి తప్పని జైరో కావాలి.

కళ్లు మూసుకుని బస్సెక్కితే..

ఇనర్షియల్ నావిగేషన్ అసలు ఎలా పనిచేస్తుంది? ఆర్టీసీ బస్సులో కళ్లు మూసుకుని కూర్చున్నారనుకోండి. బస్సు కదిలితే వీపు సీటుకు ఆనుకుంటుంది. బ్రేక్ వేస్తే ముందుకు తూలుతారు. కుడికి తిరిగితే ఎడమ పక్కకు ఒరుగుతారు. కిటికీలోంచి చూడకుండానే బస్సు ఏం చేస్తోందో శరీరానికి తెలుస్తోంది. ఆ కుదుపులన్నీ కచ్చితంగా కొలిచి, గుర్తుపెట్టుకుని, లెక్క వేయగలిగితే బస్సు ఎక్కడికి చేరిందో కళ్లు తెరవకుండానే చెప్పేయొచ్చు.

ఇనర్షియల్ సిస్టమ్ చేసేది ఇదే. అందులో రెండు రకాల సెన్సర్లు ఉంటాయి. మూడు యాక్సిలరోమీటర్లు మూడు దిక్కుల్లో త్వరణాన్ని, అంటే వేగం ఎంత మారుతోందో కొలుస్తాయి. మూడు జైరోలు ఆ దిక్కులు ఎటు ఉన్నాయో గుర్తుంచుకుంటాయి. త్వరణాన్ని క్షణక్షణం కలుపుకుంటూ పోతే వేగం వస్తుంది. వేగాన్ని అలాగే కలుపుకుంటూ పోతే దూరం వస్తుంది. బయలుదేరిన చోటు తెలుసు కాబట్టి ఇప్పుడు ఎక్కడున్నామో తెలిసిపోతుంది. రేడియో అక్కర్లేదు, రాడార్ అక్కర్లేదు, నక్షత్రం కనిపించాల్సిన పనిలేదు. శత్రువు దాన్ని జామ్ చేయలేడు. అసలు అది ఎలాంటి సిగ్నల్ పంపదు కాబట్టి కనిపెట్టనూ లేడు.

వినడానికి ఎంత సింపుల్‌గా ఉందో, చేయడం అంత కష్టం. కలుపుకుంటూ పోయేది దూరాన్నే కాదు, తప్పుల్ని కూడా. యాక్సిలరోమీటర్ గురుత్వాకర్షణలో పదివేల వంతు మాత్రమే తప్పు చూపిస్తోందనుకుందాం. ఆ తప్పును అలాగే వదిలేసి లెక్క వేస్తే, గంట తిరిగేసరికి స్థానం 6 కిలోమీటర్లకు పైగా తేడా వస్తుంది.

కుదరదన్న పెద్ద శాస్త్రవేత్త

ఇంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. యాక్సిలరోమీటర్‌కు గురుత్వాకర్షణకూ, వాహనం త్వరణానికీ తేడా తెలియదు. విమానం ముందుకు దూకినా, పరికరం కొంచెం పక్కకు ఒరిగినా దానికి ఒకేలా అనిపిస్తుంది. ఈ సంగతి ఐన్‌స్టీన్ ఎప్పుడో తేల్చేశారు. కాబట్టి నిలువు దిశ ఏదో కచ్చితంగా తెలియాలి. నేల మీద దారానికి బరువు కట్టి వేలాడదీస్తే నిలువు తెలుస్తుంది. కానీ కదిలే విమానంలో ఆ దారమూ ఊగుతుంది. మరి నిలువు ఎలా కనిపెడతారు?

1940ల చివర్లో ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త జార్జ్ గామోవ్ సరిగ్గా ఇదే ప్రశ్న వేశారు. ఆయన చిన్నాచితకా మనిషి కాదు. విశ్వం పుట్టుక మీద పెద్ద సిద్ధాంతాలు చేసినవారు. డ్రేపర్ చెబుతున్న పద్ధతిలో నిలువు దిశ దొరకడం సాధ్యం కాదని, అమెరికా ఎయిర్ ఫోర్స్ సలహాదారుల మధ్య ఆయన గట్టిగా వాదించారు. అలాంటి పెద్ద మనిషి కాదంటే ప్రాజెక్టుకు వచ్చే డబ్బు ఆగిపోయే ప్రమాదం ఉంది.

దీనికి దారి జర్మనీ ఇంజనీర్ మాక్స్ షూలర్ 1923లోనే చూపించారు. భూమి వ్యాసార్ధమంత పొడవున్న లోలకాన్ని ఊహించుకోండి. దాని కింది కొస భూమి కేంద్రం దగ్గర ఉంటుంది. పైకొస ఎంత కదిలినా కింది బరువు మాత్రం భూమి కేంద్రం దగ్గరే ఉండిపోతుంది. అంటే ఆ లోలకం ఎప్పుడూ నిలువునే చూపిస్తుంది. ఒకసారి ఊగి రావడానికి దానికి సుమారు 84 నిమిషాలు పడుతుంది. అలాంటి లోలకం ఎవరూ కట్టలేరు. కానీ జైరోలు, యాక్సిలరోమీటర్లు, కొంచెం లెక్క కలిపితే ఒక చిన్న పెట్టెలోని పలకను అచ్చం దానిలాగే నడిపించవచ్చు. విమానం 111 కిలోమీటర్లు వెళ్తే పలక ఒక డిగ్రీ వాలుతుంది. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి ఆ లెక్కా కలుపుకోవాలి. అప్పుడు యాక్సిలరోమీటర్ తప్పు అదుపు లేకుండా పెరగదు. 84 నిమిషాలకోసారి ఊగుతూ హద్దులో ఉంటుంది.

కాగితం మీద లెక్క సరిపోయింది. ఇక కావాల్సింది ఆ లెక్కను మోయగల జైరో.

ద్రవంలో తేలే బొంగరం

అప్పటి జైరోలకు శత్రువు ఒకటే. ఘర్షణ. బొంగరాన్ని పట్టుకున్న బేరింగ్‌లలో కాస్త రాపిడి ఉన్నా అది మెల్లగా పక్కకు జరిగిపోతుంది. దీన్నే డ్రిఫ్ట్ అంటారు. విమానం దారి తప్పకుండా ఉండాలంటే డ్రిఫ్ట్ గంటకు డిగ్రీలో నూరో వంతు దగ్గర ఉండాలి. అది ఎంత తక్కువో చూడండి. ఆ వేగంతో ఒక చుట్టు పూర్తి కావాలంటే నాలుగేళ్లకు పైగా పడుతుంది! ఆ మాత్రం డ్రిఫ్ట్‌కే స్థానం గంటకు దాదాపు ఒక కిలోమీటరు తప్పుతుంది.

డ్రేపర్ చేసిన గొప్ప పని ఇక్కడే ఉంది. తిరిగే చక్రాన్ని ఒక చిన్న మూసిన డబ్బాలో పెట్టారు. ఆ డబ్బాను చిక్కటి ద్రవంలో తేలేలా చేశారు. నీళ్లలో మనిషి తేలికైపోయినట్టు, ద్రవంలో డబ్బా బరువు మొత్తం ద్రవమే మోస్తుంది. బేరింగ్‌ల మీద బరువే పడదు. బరువు లేకపోతే రాపిడి దాదాపు ఉండదు. పైగా ద్రవం చిక్కగా ఉండటం వల్ల కుదుపుల్ని మింగేసి, ఎంత తిరిగిందో కూడా అదే కూడి చూపిస్తుంది. ద్రవం వేడెక్కితే పల్చబడుతుంది కాబట్టి ఉష్ణోగ్రతను చాలా కచ్చితంగా ఒకే చోట నిలిపి ఉంచాలి. భాగాలను దుమ్ము లేని గదుల్లో బిగించాలి. కంటికి కనిపించని చిన్న నలుసు చాలు, మొత్తం పాడుచేయడానికి.

నిజం చెప్పాలంటే ఈ రంగంలో డ్రేపర్ ఒక్కరే లేరు. జర్మనీ వీ-2 రాకెట్లలో ముందే జైరోలు, యాక్సిలరోమీటర్లు వాడారు. అమెరికాలోనే వేరే కంపెనీలు పోటీగా పనిచేశాయి. కానీ కచ్చితత్వాన్ని ఇంకా ఇంకా పెంచవచ్చని ఒకే పట్టు పట్టి కూర్చున్నది మాత్రం డ్రేపరే.

12 గంటలు.. పైలట్ చేయి పెట్టలేదు

1953 ఫిబ్రవరి 8. బోస్టన్ దగ్గరి బెడ్‌ఫర్డ్ నుంచి ఒక బీ-29 బాంబర్ గాల్లోకి లేచింది. అందులో స్పైర్ అనే పెట్టె ఉంది. పెట్టె అంటే చిన్నదేం కాదు, బరువు 1,200 కిలోలకు పైనే. దానితో పాటు కొందరు ఇంజనీర్లు, డ్రేపర్ కూడా ఎక్కారు.

టేకాఫ్ అయ్యాక పైలట్ కంట్రోల్ వదిలేశారు. అక్కడి నుంచి పగ్గాలు స్పైర్ చేతిలోనే. అమెరికా తూర్పు తీరం నుంచి పడమటి తీరం దాకా సుమారు 4,000 కిలోమీటర్లు. దాదాపు 12 గంటల ప్రయాణం. బయట గాలులు మారాయి, పర్వతాలు వచ్చాయి. నేల నుంచి ఒక్క సిగ్నల్ కూడా తీసుకోకుండా స్పైర్ విమానాన్ని లాస్ ఏంజెలెస్ దగ్గరికి చేర్చింది. అక్కడ ఇదే సబ్జెక్ట్ మీద రహస్య సదస్సు జరుగుతోంది. సాధ్యమా, కాదా అని చర్చించుకోవడానికి వచ్చిన నిపుణుల ముందు డ్రేపర్ ఆ ప్రయాణం గురించే చెప్పారు. గామోవ్ వేసిన ప్రశ్నకు అంతకంటే గట్టి జవాబు ఇంకేముంటుంది?

సైనిక రహస్యం కావడంతో ఈ విషయం చాలాకాలం జనానికి తెలియలేదు. 1950ల చివర్లో అంతకంటే చిన్న సిస్టమ్‌తో మరోసారి అదే తరహా ప్రయాణం చేశారు. ఈసారి టీవీ జర్నలిస్ట్ ఎరిక్ సెవరైడ్‌ను కూడా వెంట తీసుకెళ్లారు. తన యంత్రం మీద డ్రేపర్‌కు అంత నమ్మకం.

నీళ్ల అడుగు నుంచి క్షిపణి

విమానం తర్వాత జలాంతర్గామి. నీళ్ల కింద నెలల తరబడి దాక్కున్న జలాంతర్గామికి నక్షత్రాలు కనిపించవు, రేడియో సరిగా అందదు. అది ఎక్కడుందో దానికే తెలియకపోతే, దాని నుంచి వదిలిన క్షిపణి ఎక్కడ పడుతుందో ఎవరికీ తెలియదు. ఇనర్షియల్ నావిగేషన్‌కు ఇంతకంటే సరైన చోటు లేదు.

అమెరికా నేవీ పొలారిస్ క్షిపణికి గైడెన్స్ సిస్టమ్ డిజైన్ చేసింది డ్రేపర్ ల్యాబే. క్షిపణికి దారి చూపించాల్సింది మోటార్ మండే కొద్ది నిమిషాలే. మోటార్ ఆగిన క్షణంలో వేగం, దిశ సరిగ్గా ఉంటే మిగతా దారంతా విసిరిన రాయిలాగే వెళ్లి పడుతుంది. ఆ క్షణంలో జరిగే అతి చిన్న తప్పు అవతలి కొసన కిలోమీటర్ల తేడా అవుతుంది. 1960 జులై 20న జార్జ్ వాషింగ్టన్ అనే జలాంతర్గామి నీళ్ల అడుగు నుంచి మొదటిసారి పొలారిస్‌ను ప్రయోగించింది. పొలారిస్ తర్వాత పోసిడాన్, ఆ తర్వాత ట్రైడెంట్. ప్రతి తరానికీ గురి ఇంకా మెరుగైంది.

ఆ జులై 20ని గుర్తుపెట్టుకోండి. సరిగ్గా తొమ్మిదేళ్ల తర్వాత అదే తేదీన అదే ల్యాబ్ ఇంకో పని చేసి చూపించింది.

నన్నూ పంపించండి అంటూ నాసాకు లేఖ

1961 మే నెలలో అమెరికా అధ్యక్షుడు కెనెడీ చంద్రుడి మీదకు మనిషిని పంపిస్తామని ప్రకటించారు. ఆగస్టులోనే నాసా మొదటి పెద్ద అపోలో కాంట్రాక్టును ఇచ్చేసింది. రాకెట్‌కు కాదు, వ్యోమనౌకకు కాదు.. నావిగేషన్‌కు! అది దక్కింది డ్రేపర్ ల్యాబ్‌కు.

అసలు పని అవుతుందా అన్న సందేహం నాసాలో కొందరికి ఉండేది. ఆ ఏడాది నవంబర్‌లో డ్రేపర్ నాసా ఉన్నతాధికారి రాబర్ట్ సీమన్స్‌కు ఒక లేఖ రాశారు. సీమన్స్ ఒకప్పుడు డ్రేపర్ దగ్గర చదువుకున్నవారే. తనను కూడా అపోలో వ్యోమగామిగా తీసుకోవాలని ఆ లేఖలో కోరారు. అప్పటికి డ్రేపర్ వయసు 60. ఆయన సరదాకి రాయలేదు. తన అనుభవం, అర్హతలు వివరించి మరీ దరఖాస్తు పెట్టుకున్నారు. నాసా తీసుకోలేదు. అయినా తన యంత్రాన్ని నమ్మి తానే ఎక్కడానికి సిద్ధపడిన మనిషిని ఇంక ఏమని అనుమానిస్తారు?

అపోలో సిస్టమ్‌లో మూడు భాగాలున్నాయి. జైరోలు, యాక్సిలరోమీటర్లు ఉన్న ఇనర్షియల్ యూనిట్. నక్షత్రాలను చూసి దాన్ని సరిచేయడానికి ఒక సెక్స్‌టెంట్. ఇవన్నీ చూసి లెక్క వేసే కంప్యూటర్. గదినిండా కంప్యూటర్లు ఉన్న రోజుల్లో 32 కిలోల కంప్యూటర్ తయారుచేశారు. అందులో మార్చడానికి వీల్లేని మెమరీ నేటి లెక్కలో 72 కిలోబైట్లు. మీ ఫోన్‌లోని ఒక చిన్న ఫొటో కూడా అందులో పట్టదు. ఆ మెమరీని సన్నని తీగలతో చేత్తో అల్లింది ఫ్యాక్టరీలోని మహిళా కార్మికులు. దానికి సాఫ్ట్‌వేర్ రాసిన టీమ్‌కు నాయకత్వం వహించింది మార్గరెట్ హామిల్టన్.

చంద్రుడి వెనక ఏం జరిగింది?

ఒక విషయంలో మాత్రం డ్రేపర్ అనుకున్నట్టు జరగలేదు. అంతా నౌకలోనే తేలాలన్నది ఆయన ఆలోచన. కానీ భూమి మీది పెద్ద యాంటెనాలతో స్థానాన్ని ఇంకా బాగా కొలవవచ్చని తేలడంతో, నౌక ఎక్కడుందో చెప్పే ప్రధాన బాధ్యతను నాసా భూమికే అప్పగించింది.

అయినా భూమి చేతులెత్తేసే చోటు ఒకటుంది. అదే చంద్రుడి వెనక భాగం. 1968 డిసెంబర్ 24న అపోలో 8 చంద్రుడి వెనక్కి వెళ్లగానే రేడియో తెగిపోయింది. చంద్రుడి చుట్టూ కక్ష్యలోకి వెళ్లాలంటే సరిగ్గా అక్కడే సుమారు 4 నిమిషాలు ఇంజన్ మండించాలి. ఎక్కువైతే చంద్రుడిని ఢీకొంటారు. తక్కువైతే కక్ష్య తప్పుతుంది. అప్పుడు ముగ్గురు మనుషుల ప్రాణాలు ఆ జైరోలు, యాక్సిలరోమీటర్ల మీదే ఆధారపడ్డాయి. నౌక అటు నుంచి బయటికి వచ్చి మాట్లాడినప్పుడు గానీ హ్యూస్టన్‌లో ఊపిరి పీల్చుకోలేదు.

తిరుగు ప్రయాణంలో జిమ్ లోవెల్ పొరపాటున వేరే ప్రోగ్రామ్ నంబర్ నొక్కారు. దాంతో కంప్యూటర్ తాను ఇంకా భూమి మీద లాంచ్ ప్యాడ్ దగ్గరే ఉన్నాననుకుంది. దిశ మొత్తం పోయింది. లోవెల్ సెక్స్‌టెంట్‌తో నక్షత్రాలు చూసి మళ్లీ దాన్ని దారిలో పెట్టారు. ఈ అనుభవమే 1970లో అపోలో 13 ప్రమాదంలో పనికొచ్చింది. ప్రధాన నౌకలో కరెంటు అయిపోతుంటే, అందులోని దిశల లెక్కను లోవెల్ కాగితం మీద చేసి, హ్యూస్టన్‌తో సరిచూసుకుని, ల్యాండర్‌లోని ఇనర్షియల్ యూనిట్‌కు ఎక్కించారు.

ఇక 1969 జులై 20. అపోలో 11 ల్యాండర్ చంద్రుడి మీదకు దిగుతోంది. ఉన్నట్టుండి కంప్యూటర్ 1202 అని అలారం ఇచ్చింది. ఒక రాడార్ నుంచి అక్కర్లేని పని వచ్చి పడటంతో దానికి ఊపిరాడలేదు. కానీ దాన్ని డిజైన్ చేసిన తీరే కాపాడింది. ముఖ్యం కాని పనులు పక్కన పడేసి, దిగడానికి కావాల్సిన లెక్కలు మాత్రం ఆపకుండా చేసింది. కొద్ది నిమిషాల్లో ఆర్మ్‌స్ట్రాంగ్, ఆల్డ్రిన్ చంద్రుడి మీద ఉన్నారు.

నాలుగు నెలలకే గేటు ముందు ధర్నా

అదే 1969 నవంబర్. కేంబ్రిడ్జ్‌లో డ్రేపర్ ల్యాబ్ గేటు ముందు వందల మంది విద్యార్థులు బైఠాయించారు. పోలీసులు వచ్చి చెదరగొట్టారు. వియత్నాం యుద్ధం మీద అమెరికా అంతటా కోపం రగులుతున్న రోజులవి. విద్యార్థుల ప్రశ్న సూటిగా ఉంది. యూనివర్సిటీలో అణు క్షిపణుల పని ఎందుకు?

వాళ్ల అభ్యంతరం ముఖ్యంగా పోసిడాన్ మీద. ఒకే క్షిపణి నుంచి అనేక అణు బాంబులు వేర్వేరు చోట్లకు వెళ్లేలా తయారైంది అది. గురి ఎంత మెరుగైతే, ఎదుటివాడి క్షిపణులను ముందే కొట్టేయాలన్న ఆశ అంత పెరుగుతుందని విమర్శకుల వాదన. అంటే కచ్చితత్వం పెరిగితే భద్రత పెరగదు, యుద్ధం దగ్గరవుతుందన్నమాట.

డ్రేపర్ వైఖరి దీనికి పూర్తిగా ఎదురు. దేశ రక్షణ కోసం చేసే పని యూనివర్సిటీలో ఉండటంలో తప్పేమీ లేదని ఆయన నమ్మారు. నిజమైన యంత్రాలు, నిజమైన గడువులు ఉన్న చోటే మంచి ఇంజనీర్లు తయారవుతారన్నది ఆయన ముప్పై ఏళ్ల అనుభవం. ల్యాబ్‌ను, క్లాస్‌రూమ్‌ను విడదీస్తే రెండూ నష్టపోతాయని వాదించారు. ఆయన దగ్గర చదువుకున్న ఎయిర్ ఫోర్స్, నేవీ అధికారులే తర్వాత పెద్ద పెద్ద ప్రాజెక్టులు నడిపారు.

ఎంఐటీ వేసిన కమిటీ నెలల తరబడి చర్చించింది. చివరికి 68 ఏళ్ల డ్రేపర్ డైరెక్టర్ పదవి పోయింది. ఆయనకు ఇది పెద్ద దెబ్బ. 1970లో ల్యాబ్‌కు ఆయన పేరే పెట్టారు. 1973లో దాన్ని ఎంఐటీ నుంచి పూర్తిగా వేరుచేసి స్వతంత్ర సంస్థగా మార్చారు. ల్యాబ్ గోడ మీదకు ఆయన పేరు వచ్చేసరికి, ల్యాబ్ ఆయన చేతిలో లేదు. విచిత్రం ఏంటంటే, విడిపోయాక క్షిపణుల పని ఆగలేదు. యూనివర్సిటీ బయట కొనసాగింది. అంటే విద్యార్థులు అడిగింది పూర్తిగా దక్కలేదు, డ్రేపర్ అడిగిందీ దక్కలేదు.

యంత్రం సరే.. మనిషి సంగతి?

ఆ తర్వాత కూడా డ్రేపర్ ల్యాబ్‌కు వస్తూనే ఉన్నారు, సలహాలు ఇస్తూనే ఉన్నారు. ఈలోగా ఆయన నమ్మిన టెక్నాలజీ ప్రయాణికుల విమానాల్లోకీ వచ్చేసింది. బోయింగ్ 747తో సముద్రాల మీద విమానాలకు ఇనర్షియల్ సిస్టమ్ మామూలు విషయమైపోయింది. దారి లెక్కలు వేయడానికే విమానంలో ఉండే నావిగేటర్ ఉద్యోగం మెల్లగా కనుమరుగైంది.

అయితే 1983 సెప్టెంబర్ 1న జరిగిన ఘోరం ఒక హెచ్చరిక లాంటిది. దక్షిణ కొరియాకు చెందిన 007 విమానం దారి తప్పి సోవియట్ గగనతలంలోకి వెళ్లింది. సోవియట్ ఫైటర్ దాన్ని కూల్చేసింది. 269 మంది చనిపోయారు. విమానంలో ఇనర్షియల్ సిస్టమ్‌లు ఉన్నాయి. కానీ ఆటోపైలట్ వాటి మాట వినే స్థితిలో లేదని, విమానం గంటల తరబడి ఒకే దిక్సూచి దిశలో వెళ్లిపోయిందని అంతర్జాతీయ దర్యాప్తు తేల్చింది. దారి తెలిసిన యంత్రం పక్కనే ఉన్నా, దానికి పగ్గాలు అందలేదు. ఈ ఘటన తర్వాతే జీపీఎస్‌ను పౌర విమానాలకూ ఉచితంగా ఇస్తామని అమెరికా ప్రకటించింది.

మన శ్రీహరికోట దాకా..

1987 జులై 25న కేంబ్రిడ్జ్‌లో డ్రేపర్ కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 85. ఆ మరుసటి ఏడాదే అమెరికా ఇంజనీరింగ్ అకాడమీ ఆయన పేరిట డ్రేపర్ ప్రైజ్ ఏర్పాటు చేసింది. ఇంజనీరింగ్‌లో నోబెల్ లాంటిదని దానికి పేరు. 2003లో అది ఎవరికి దక్కిందో తెలుసా? జీపీఎస్‌కు పునాది వేసిన ఇద్దరికి. బయటి సిగ్నల్ అక్కర్లేదని చెప్పిన మనిషి పేరుతో ఉన్న అవార్డు, బయటి సిగ్నల్‌తో దారి చూపినవాళ్లకు వెళ్లింది. అందులో తప్పేమీ లేదు. ఈ రోజు చాలా విమానాల్లో రెండూ కలిసే పనిచేస్తాయి. ఇనర్షియల్ సిస్టమ్‌లో మెల్లగా పెరిగే తప్పును జీపీఎస్ సరిచేస్తుంది. జీపీఎస్ పోయినప్పుడు ఇనర్షియల్ సిస్టమ్ ఆదుకుంటుంది. యుద్ధాలు జరిగే చోట్ల జీపీఎస్‌ను జామ్ చేయడం, తప్పుడు సిగ్నల్ పంపడం మామూలైపోయిన ఈ రోజుల్లో ఆ రెండో మాటకు విలువ ఇంకా పెరిగింది.

ఇలాంటి సిస్టమ్‌లను ఏ దేశమూ అంత తేలిగ్గా ఇంకో దేశానికి అమ్మదు. అందుకే మన దేశం సొంతంగా తయారుచేసుకోవాల్సి వచ్చింది. శ్రీహరికోట నుంచి లేచే ఇస్రో రాకెట్ల కోసం తిరువనంతపురంలో ప్రత్యేకంగా ఇనర్షియల్ సిస్టమ్స్ యూనిట్ ఉంది. మన క్షిపణుల నావిగేషన్ మీద హైదరాబాద్‌లోని డీఆర్‌డీఓ సంస్థ రీసెర్చ్ సెంటర్ ఇమారత్ పనిచేస్తోంది.

తిరిగే చక్రం స్థానంలో ఇప్పుడు చాలాచోట్ల లేజర్ వచ్చింది. ఇంకా చిన్నవైతే బియ్యపు గింజంత చిప్‌లో ఇమిడిపోయాయి. వీడియో చూస్తూ ఫోన్ అడ్డం తిప్పగానే స్క్రీన్ కూడా తిరుగుతుంది కదా, అది పసిగట్టేది లోపలున్న చిన్న యాక్సిలరోమీటరే. సూత్రం మాత్రం డ్రేపర్ నమ్ముకున్నదే. బయటికి చూడకుండా, లోపలి కదలికను బట్టే ఎక్కడున్నామో తెలుసుకోవడం. ఆ లెక్క చంద్రుడికైనా, నగరం మీద పడే బాంబుకైనా ఒకటే. ఎక్కడికి వెళ్లాలో మాత్రం ఏ జైరో చెప్పదు. 1969లో ల్యాబ్ గేటు ముందు లేచిన ప్రశ్న అదే. దానికి జవాబు ఇప్పటికీ మనుషులే వెతుక్కోవాలి.